వాగు అవతలి ఆకు

ప్రమీలకు అన్నిటికంటే ఎక్కువ భయం పామంటే కాదు, ఎలుగంటే కాదు, పిల్లకు మళ్ళీ జ్వరం తిరగబెడుతుందేమోనని కూడా కాదు. పెనిమిటి తన ముఖంలోకి చూసి ఒక్క మాట అడుగుతాడని. గుట్ట మీద నిప్పు ఎవరు పెట్టారో నీకు ఎరుకనా అని. ఎరుక లేదంటే అతని కంచంలో అన్నంతోపాటు అబద్ధం వడ్డించినట్టు, ఎరుకే అంటే కన్నతల్లిని పట్టిచ్చినట్టు. నిప్పు పెట్టింది తల్లి ముత్తక్క. ఆ నిప్పును ఆర్పబోయి మోచేతి దాకా కాల్చుకున్నవాడు పెనిమిటి రాంబాబు, ఫారెస్టోళ్ళ దగ్గర నిప్పు కాపలా మనిషి. ఈ రెండు ముక్కలూ కలిపి తెలిసినది తాను ఒక్కతే అనుకుంటోంది ప్రమీల, అనుకుని మూడు పూటలుగా ఆ తెలిసినదాన్ని నోట్లో వేడి గంజిలాగా పట్టుకుని తిరుగుతోంది, మింగలేదు, ఉమ్మలేదు.

ఇంకా వెలుగు రాలేదు. తూర్పున గుట్ట అంచు మాత్రం కొంచెం పలచబడింది. ఇప్పచెట్టు కొమ్మకు చీరతో కట్టిన ఊయలలో ఎనిమిది నెలల సుజన నిద్రపోతోంది, ఊయల ఊగడం లేదు, గాలి అనేదే లేదు. పైనుంచి పువ్వు రాలుతోంది. ఒకటి రాలి, ఇంకాసేపు ఆగి ఇంకొకటి, ఆ తర్వాత నాలుగైదు ఒకేసారి, ఎవరో పైన కూర్చుని ఏదో గుర్తుకొచ్చినప్పుడల్లా ఒక పువ్వు వదులుతున్నట్టు. మామూలుగా అయితే ఆ పువ్వు ఊడ్చిన నేల మీద పడి మెత్తగా చప్పుడు చేస్తుంది. ఇవాళ ఆకు మీద పడి గరగరమంటోంది. ఆ గరగర విన్నప్పుడల్లా ప్రమీలకు తన పని తనకే వినబడుతోంది. ఇంటి నుంచి చీకట్లోనే బయలుదేరింది, పిల్లను వీపుకు కట్టుకుని వాగు దాటింది, పిల్లను ఊయలలో వేసి మళ్ళీ వాగు దాటింది, అవతలి ఒడ్డున ఎండుటాకు కొంగు నిండా దోసి మూటకట్టి మళ్ళీ ఇవతలికి తెచ్చింది, అట్లా ఎన్ని మూటలో, నీళ్ళలో నడిచి నడిచి పాదాలు మొద్దుబారేదాకా. తెచ్చిన ఆకంతా చెట్టు చుట్టూ పరిచింది. పరవడం ఎందుకంటే ఆ చెట్టు చుట్టూ తెల్లటి బూడిద గీత ఉంది, బండిచక్రమంత గుండ్రంగా కాదు, నూర్పిడి కళ్ళమంత గుండ్రంగా. అడవిలో పుట్టినవాళ్ళు ఎవరు చూసినా ఒక్క చూపుకు చెబుతారు, ఇక్కడ ఇప్పపువ్వు కోసం ఆకు ఊడ్చి కాల్చారని. రాత్రి అన్నం తింటూ రాంబాబు అననే అన్నాడు, పొద్దున సార్ వస్తడు, కాలిన జాడ పట్టుకుని వెనకకు నడుస్తం, పుట్టిన చోటు దొరకక ఏడికి పోతది అని. అంటూ ఎడమ చేత్తో తిన్నాడు. కుడిచేయి ఒళ్ళో పెట్టుకున్నాడు, నిద్రపోయే కుక్కపిల్లను పెట్టుకున్నట్టు.

ఆ చేతికి రాత్రి ఇప్పనూనె రాసింది తనే. బొబ్బల మీద వేలు పెట్టినప్పుడు అతను ముఖం ముడవలేదు, నీ కండ్లు ఎందుకు ఎర్రగున్నయ్ అని మాత్రం అన్నాడు. పిల్ల రాత్రంతా నిద్రపోనియ్యలేదు కద అంది. అది అబద్ధం కాదు. అబద్ధం కానిదాన్ని ముందు పెట్టి నిజాన్ని వెనక దాచడం తనకు ఎప్పుడు అలవాటైందో ప్రమీలకు తెలియదు, బళ్ళో ఉన్నప్పుడు అయితే లేదు. బళ్ళో అడిగినదానికల్లా లేచి నిలబడి చెప్పేది. ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి, సైన్సు సుజనా మేడమ్, మంటకు మూడు కావాలి పిల్లలూ, మూడింట్లో ఒకటి తీసేస్తే మంట చచ్చిపోతుంది, ఏమేమిటి. కాలే వస్తువు, గాలి, వేడి, అని ప్రమీల చెప్పింది, చెప్పి కూర్చోబోతే మేడమ్ నువ్వు టీచరువు అవుతావే అంది. అదే ఏడు ఇప్పపూల కాలంలో తల్లి కాలు విరిగిందని ఇంటికి వచ్చింది. పువ్వు ఒక్కరోజు ఏరకపోతే నేలపాలు, పంది పాలు, నాలుగు చెట్ల పువ్వు, ఒక ముసలి తండ్రి, మంచం మీద తల్లి. పువ్వు అయిపోయేసరికి పరీక్షలు అయిపోయాయి. పువ్వు పోతే కాయ వచ్చింది, కాయ పోతే వానలు. మేడమ్ ఒకసారి స్కూటీ మీద వచ్చింది, పంపించమ్మా అని ముత్తక్కను అడిగింది, ముత్తక్క పీట వేసి, ఉడకబెట్టిన ఇప్పపువ్వు మోదుగాకులో పెట్టి ఇచ్చింది. మేడమ్ తిన్నది, ఇంకొంచెం అడిగి తిన్నది, అంత బాగుందో లేక పంపుతామనే మాట కోసం కూర్చోవడానికి అదొక వంకో. పంపుతామనే మాట ముత్తక్క అనలేదు, పంపబోమనీ అనలేదు. ప్రమీల గడప మీద కూర్చుని ఇద్దరి ముఖాలూ చూసింది. అప్పుడూ ఇంతే, ఇటొక ముఖం, అటొక ముఖం, మధ్యలో తన నోరు మూసుకుని ఉంది. ఆ ఏడు తండ్రి పోయాడు. మేడమ్ బదిలీ మీద దమ్మపేట వైపు ఎటో వెళ్ళిందని విన్నది. పిల్ల పుట్టాక ఏం పేరు అని అందరూ అడిగితే సుజన అంది, రాంబాబు ఎందుకని అడగలేదు, బాగుంది అన్నాడు.

అడగకపోవడం అతని గుణం. అబద్ధం ఆడకపోవడం ఇంకో గుణం. పెళ్ళిమాటలకు వచ్చినప్పుడు అతని మేనమామ రామన్న చాప మీద కూర్చుని, మావోడిది గవర్నమెంటు నౌకరీ, ఇయ్యాల రేపు పర్మనెంటు అని ఊదరగొడుతుంటే, వెనక నిలబడ్డ పెళ్ళికొడుకు, కాదు మామా, ఎండకాలం ఎండకాలం పిలుస్తరు, పిలవకపోతే లేదు అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. ముత్తక్క నవ్వలేదు. లోపలికి వచ్చి కూతురి చెవిలో, వీడు నీకు ఎన్నడూ కడుపునిండ తిండి పెట్టడు, గాని తిననిది తిన్నవని అనడు, చేసుకో అంది. పెళ్ళయి సాగనంపే రోజు తల్లి ఈ చెట్టు దగ్గరికి తీసుకొచ్చింది. వాళ్ళకున్న నాలుగు చెట్లకూ మనుషుల్లాగే పేర్లు ఉన్నాయి, పెద్దామె, కుంటిది, సవతులు రెండు కలిసి పెరిగినవి ఒకటి, ఇది వాగుగడ్డది. దీని మొదలు మీద ప్రమీల అరచేయి ఆనించి, పైన తన అరచేయి పెట్టి, ఇది నీది, ఏరేది నేనైనా పువ్వు నీది అంది ముత్తక్క. ఆ తర్వాత ఏ ఏడూ ఈ చెట్టు పువ్వు ఒక్క గంపా తాను ఉంచుకోలేదు, ఎండబెట్టి, రాళ్ళు ఏరి, మూటకట్టి అల్లుడింటికి మోసింది. కంటిచూపు మందగించినప్పటి నుంచి ఏరడం కష్టమైంది. పచ్చి పువ్వు పాలిపోయిన పసుపు, ఎండిన ఆకు అదే పసుపు, రెండూ కలిస్తే ముత్తక్క కళ్ళకు ఒకటే. అందుకే ఈ ఏడు ఇంకా శుభ్రంగా ఊడ్చింది, ఇంకా నల్లగా కాల్చింది. నల్ల నేల మీద పువ్వు పడితే ఆమెకు చుక్కల్లా కనబడుతుంది.

ఊయలలో పిల్ల ఒకసారి మూలిగింది. ప్రమీల చేయి పెట్టి నుదురు చూసింది. చల్లగా ఉంది. మూడు పూటలుగా ఎన్నిసార్లు చూసిందో, చల్లగా ఉన్నా చూస్తూనే ఉంది, ఆ చెయ్యి ఒక్కటే తన ఒంట్లో నిలకడగా ఒక పని తెలిసినది. నిప్పు లేచిన రోజు ఈ నుదురు కాలిన పెంకులాగా ఉండింది. కళ్ళు పైకి తేలేసింది. రాంబాబు గుట్ట అవతల బేస్ క్యాంపులో ఉన్నాడు, అక్కడ ఫోన్ కలవదు. పక్కింటి నాగలత వదిన ఆటో కోసం పోయింది, ఆటో మణుగూరులో ఉందట, వచ్చేసరికి మధ్యాహ్నమవుతుందట. ప్రమీల తల్లికి ఫోన్ చేసింది. ముత్తక్కకు సిగ్నల్ అందేది ఒక్కచోటే, ఈ వాగుగడ్డ మీదే, ఈ చెట్టు దగ్గరే. ఇక్కడ కాకుండా కుంటిదాని దగ్గరో సవతుల దగ్గరో ఉంటే మోగేదే కాదు. మోగింది. అవ్వా, పిల్ల పోయేటట్టుంది అంది ప్రమీల, అంతే అంది. ఆ మాట అనకుండా జ్వరం వచ్చింది అని ఉంటే. ముత్తక్క ఇన్నేళ్ళలో ఎన్నడూ నిప్పును వదిలిపెట్టి వెళ్ళిన మనిషి కాదు, పచ్చికొమ్మ పట్టుకుని చుట్టూ తిరుగుతూ, చివరి పొగ లేచి పోయేదాకా నిప్పుతో మాట్లాడుతూ నిలబడేది, పో, ఇంక పో, తిన్నవు కద, పండుకో అని కోయమాటలో, పిల్లను పండబెట్టినట్టే. ఆ రోజు ఆగలేదు. తాగడానికి తెచ్చుకున్న సీసాలో నీళ్ళు గుమ్మరించి, కాలితో నాలుగు చోట్ల తొక్కి పరుగెత్తుకొచ్చింది. వచ్చేసరికి పాదం అడుగున కాలి ఎర్రగా ఉంది, ఎందుకో ప్రమీల అడగలేదు. పిల్లకు తడిగుడ్డ చుట్టి, ఏదో ఆకు పసరు అరికాళ్ళకు రుద్ది, ఒళ్ళో పెట్టుకుని ఊగుతూ కూర్చుంది. జ్వరం దిగుతూ ఉంది. పిల్ల కళ్ళు తెరిచి అమ్మమ్మ ముక్కుపుడక పట్టుకుంది. అప్పుడే వాకిట్లోంచి నాగలత వదిన, గుట్ట మీద పొగ చూడుర్రి, ఏందది అంది. ముత్తక్క తల ఎత్తి చూసింది. పిల్ల మీద ఉన్న చెయ్యి తీయలేదు. కాని ఊగడం ఆపింది. ఆ ఆపడం ప్రమీల చూసింది.

అట్లా చూడకుండా ఉంటే బాగుండేది. పొయ్యి దగ్గరికి పోయి ఉంటే, నీళ్ళు ముంచుకురావడానికి పోయి ఉంటే. ఎన్నిసార్లు అనుకున్నా ఆ చూపు వెనక్కి పోదు. సాయంత్రానికి రాంబాబు వచ్చాడు, వచ్చినవాడు అతనని పోల్చుకోవడానికి ఒక క్షణం పట్టింది, నల్లగా, కనుబొమ్మలు లేకుండా, వీపు మీద ఆకులు ఊదే మిషన్ ఇంకా అట్లాగే తగిలించుకుని. ఆ మిషన్ చప్పుడంటే పిల్లకు నవ్వు, ఎప్పుడు వచ్చినా వాకిట్లో ఒకసారి ఆన్ చేసి నవ్వించేవాడు. ఆ రోజు చేయలేదు. గడప మీద కూర్చుని, పోయిన వానకాలం పెట్టిన మొక్కలన్నీ పోయినయ్ అన్నాడు. వాటి గుంతలు తవ్విన మనుషుల్లో అతనొకడు. ఎండలు ముదిరాక కావడితో నీళ్ళు మోసిందీ అతనే, ఆఫీసు చెప్పకపోయినా. నెమలి గుడ్లు ఉడికిపోయి ఉన్నయ్ అన్నాడు కాసేపటికి. ఆ తర్వాత పిల్లకు జ్వరమని తెలిసి, కాలిన చేయి వెనక్కి పెట్టుకుని మంచి చేతితో ఎత్తుకుని, అత్త రాకపోతే ఏమయ్యేదో అన్నాడు. అత్త అప్పటికే వెళ్ళిపోయింది, చీకటి పడకముందే, అన్నం కూడా తినకుండా.

ఫారెస్టోళ్ళ ఫోన్‌లకు పైనుంచి ఉపగ్రహం చూసి మెసేజ్ పంపుతుందట, ఫలానా చోట మంట ఉంది అని, మ్యాపులో ఒక ఎర్ర చుక్క. ఇది రాంబాబు పోయిన ఏడు అత్తకు చెప్పాడు. ముత్తక్క ఆలోచించి, పైన ఉండి చూసేటోడు ఉన్నడంటే ఇన్నొద్దులు దేవుడనుకున్న, మీ ఆఫీసరానా అంది. కాని ఆ చుక్క చాలా లావుది, వాగుకు ఈ ఒడ్డో ఆ ఒడ్డో చెప్పదు. అందుకే నడిచి చూడాలి. అందుకే ఇవాళ. సార్ అడిగాడట, నీ బీట్‌ల నిప్పు ఎవరు పెట్టిండ్రో నీకే తెల్వదంటే నువ్వెందుకు రాంబాబూ అని. చెబితే ముసలామె మీద కేసు, అడవిలో అడుగు పెట్టనియ్యరు, నాలుగు చెట్లూ ఊరివాళ్ళ పాలు. చెప్పకపోతే వచ్చే ఎండాకాలం పిలుపు రాదు. ఊళ్ళో ఇప్పటికే అతన్ని ఖాకీ అల్లుడు అంటారు. కల్లు దగ్గర కూర్చుంటే, జర జరుగుర్రి, పైనుంచి చుక్క పడుతది అని నవ్వుతారు. అత్తను పట్టిచ్చినవాడైతే నవ్వు కూడా ఉండదు. అట్లాగని అతను వాళ్ళ మనిషీ కాడు, వీళ్ళ మనిషీ కాడు, ఆ నల్లటి గుట్ట మనిషి. ఇవన్నీ ప్రమీల తూచి తూచి చూసింది. ఏ పక్క పెట్టినా తక్కెడ ముల్లు తన గుండెల్లోనే దిగుతోంది.

పోయిన ఏడు అతను ఒక ఆకుపచ్చ వల తెచ్చాడు. ఆఫీసులో ఇచ్చారట, చెట్టు కింద నాలుగు గుంజలు పాతి కడితే పువ్వంతా వల మీద పడుతుంది, ఊడ్చే పని లేదు, కాల్చే పని లేదు. ముత్తక్క దాన్ని రెండు చేతుల్లో తిప్పి చూసి, మంచిగున్నది అల్లుడా అంది. తర్వాతి వారం అది చిక్కుడు పందిరికి కట్టి ఉంది. వల మీద పడ్డ పువ్వు తింటే చెట్టుకు అప్పు పడ్డట్టేనట ప్రమీలా, నేల తాకాలె అని తల్లి తనతో గుసగుసలాడింది. అదొక ఆచారమో, అప్పటికప్పుడు పుట్టించినదో ప్రమీలకు ఇప్పటికీ తెలియదు. చిక్కుళ్ళు మాత్రం బాగా కాశాయి. ఇంటికి పంపిన చిక్కుళ్ళు తింటూ రాంబాబు, అత్త పందిరికి బాగ గట్టి వల కట్టింది అన్నాడు. అప్పుడు ఇద్దరూ పడి పడి నవ్వుకున్నారు. ఆ నవ్వు ఇప్పుడు ఎక్కడిదో పొగలా ముక్కుకు తగులుతోంది.

వెలుగు వచ్చింది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు, తన చేతివేళ్ళు కనబడ్డాక తెలిసింది. ముందు వేళ్ళు, తర్వాత ఊయల, ఆ తర్వాత చెట్టు మొదలు, తర్వాత గుట్ట. గుట్ట నల్లగా ఉంది. మొదలంటా నల్లగా, ఎక్కడో ఒక మోడు ఇంకా సన్నగా ఆవిరి వదులుతూ, వాగు ఒడ్డు దాకా నలుపే. ఆ నలుపు మధ్యలో తానున్న చోటు మాత్రం గోధుమరంగులో ఉంది. ప్రమీల లేచి నిలబడింది. నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. కాలిన కంబళికి కొత్తగుడ్డ అతుకు వేసినట్టు ఉంది, గుండ్రంగా, ముత్తక్క ఊడ్చిన కొలతకు సరిగ్గా. చుట్టూ అడవంతా కాలి బూడిదైతే ఈ ఒక్క చెట్టు కింద ఆకు ఎండి పదిలంగా ఉంది. అంతే కాదు. వంగి ఒక ఆకు తీసింది. విస్తరంత ఆకు, గరుకు. టేకాకు. చీకట్లో చేతికి దొరికినదల్లా దోసింది. ఇవతల ఒడ్డున టేకుచెట్టు ఒక్కటి లేదు. ఇప్పచెట్టు కింద టేకాకు పరిచింది, తాను, ఈ అడవిలో పుట్టిన ముత్తక్క కూతురు. బూడిద గీతను అట్లాగే వదిలేసి ఉంటే గుట్ట నుంచి వచ్చిన నిప్పే ఇక్కడ కూడా కాల్చింది అనుకునే వీలన్నా ఉండేది. ఇప్పుడు ఆ వీలు లేదు. ఇక్కడ చూడండి అని తానే ముగ్గు వేసి పిలిచినట్టుంది. నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చే దారిలోనే వచ్చింది. మళ్ళీ ఎత్తిపోద్దామని వంగింది. రెండు దోసిళ్ళు ఎత్తింది. పిల్ల లేచి ఏడ్చింది. ఆకలి ఏడుపు, దానికి ఆగడం తెలియదు. ప్రమీల ఆకు వదిలేసి, చెట్టుకు వీపు ఆనించి కూర్చుని పాలిచ్చింది. పాలు దిగుతుంటే ఒళ్ళంతా వదులయింది, భయం కూడా కొంచెం వదులయింది, పువ్వు ఒకటి పిల్ల చెంప పక్కన పడింది, పిల్ల ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ పాలల్లోకి పోయింది. మంటకు మూడు కావాలి. ఒకటి తీసేస్తే చాలు. ఏది తీయాలి. తల్లినా, పెనిమిటినా, ఆ ఇద్దరి మధ్యలో గాలిలా నిలబడ్డ తననా.

ముందు ముత్తక్క వచ్చింది. గంప నెత్తి మీద, సీసా చేతిలో, కుంటుతూ. కాలిన పాదానికి గుడ్డ చుట్టుకుంది. వాగుగడ్డ ఎక్కి, చెట్టు కిందికి అడుగు పెట్టి, ఆకు గరగరమనగానే ఆగింది. కళ్ళతో కాదు, పాదంతో చూసింది.

“ఇదేంది పిల్లా. ఏడ తెచ్చినవ్ గీ ఆకంత?”

“అవతల్నుంచి.”

“ఎందుకు?”

ప్రమీల పిల్లను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. ముత్తక్క ఒక ఆకు తీసి వేళ్ళతో తడిమింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. “టేకు,” అంది. “పువ్వు మీద దుప్పటి కప్పినవ్ కద, ఎట్ల ఏరాలె?”

అంతే. ఇంక అడగలేదు. అలవాటు ప్రకారం మొదటి దోసెడు పువ్వు ఏరి చెట్టు మొదట్లో పెట్టడానికి ఆకు అటూ ఇటూ తోస్తూ కూర్చుంది. కూతురికి ఎరుక అని తల్లికి ఎరుకైంది, తల్లికి ఎరుకైందని కూతురికీ తెలిసింది. ఇద్దరూ ఆ సంగతిని పక్కన కూర్చోబెట్టుకుని పువ్వు ఏరుకున్నారు. ఎందుకో ప్రమీలకు మూడు పూటల తర్వాత ఊపిరి సరిగా అందింది.

బండి చప్పుడు వాగు దగ్గర ఆగింది. ఇద్దరు నడిచి ఎక్కారు. ముందు అనిల్‌కుమార్ సార్, నేలకొండపల్లి వైపు రైతుల ఇంటి మనిషి, మాట మెత్తన, రాత్రి నిద్ర లేనట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి, పైవాళ్ళకు రిపోర్టు ఇవ్వాలట. వెనక రాంబాబు. రాంబాబు తలెత్తి చెట్టును చూశాడు, కింద ఆకును చూశాడు, ప్రమీల కాళ్ళను చూశాడు. కాళ్ళు వాగు నీళ్ళకు ఇంకా తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఆ తర్వాత ముఖంలోకి చూశాడు. ఇదిగో, అడుగుతాడు అనుకుంది ప్రమీల. పిల్లను గట్టిగా పట్టుకుంది. అతను అడగలేదు.

“ఇక్కడ ఆకు కాలలేదేంటి రాంబాబూ?” అన్నాడు సార్.

“గాలికొచ్చి పడ్డయ్ సార్. అవతల్నుంచి.”

సార్ తల ఎత్తి కొమ్మలను చూశాడు. ఊయల కూడా ఊగడం లేదు. “గాలికా?”

“అవ్ సార్. నిప్పు ఈడ కాదు. పైన పుట్టింది. పైకి పోదాం.”

ప్రమీల ఇన్ని పూటలూ భయపడింది అతని ప్రశ్నకు. ప్రశ్న రానేలేదు, దాని బదులు ఇది వచ్చింది. పెళ్ళిచాప దగ్గర కూడా అబద్ధం ఆడనివాడు, తన కోసం, తన తల్లి కోసం, కాలిన చేయి వీపు వెనక పెట్టుకుని, చిన్నపిల్లవాడు కూడా నమ్మని అబద్ధం ఆడుతున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. తాను నోరు తెరవకపోతే అతను ఈ అబద్ధాన్ని బతికినన్నాళ్ళూ మోయాలి, ఎవరూ మోయమని చెప్పకపోయినా, మొక్కలకు నీళ్ళు మోసినట్టే. ప్రమీల నోరు తెరిచింది. మాట ఇంకా రాకముందే పక్కన ముత్తక్క లేచింది, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, మెల్లగా.

“ఏం అల్లుడా, కండ్లు నాకు పోయినయా, నీకు పోయినయా? టేకాకు గాలికి వాగు దాటి, చెట్టు చుట్టు గుండ్రంగ పండుకున్నదా?” సార్ వైపు తిరిగింది. “నిప్పు ఈడనే పుట్టింది సారూ. నేనే పెట్టిన. ఎప్పుడు పెట్టేదే. ఆర్పినననుకున్న, ఆరలే.”

“ఆర్పకుండ పోయింది నేను ఫోన్ చేస్తెనే సార్,” అంది ప్రమీల. తన గొంతు బళ్ళో లేచి నిలబడి చెప్పినప్పటి గొంతులాగా ఉంది, ఎక్కడ దాగిందో ఇన్నేళ్ళు. “పిల్ల పోయేటట్టుంది అని చెప్పిన. ఆకు పోసింది గూడ నేనే. ఈయనకు ఏం తెల్వదు.”

“ముగ్గురు మూడు చెప్తున్నారు,” అన్నాడు సార్ విసుగ్గా కాదు, అలసటగా. ఆకును బూటుతో పక్కకు తోశాడు. కింద తెల్లటి గీత కనబడింది. వంగి దాన్ని వేలితో తాకి చూశాడు. “వల ఇచ్చాం కదమ్మా.”

“ఇచ్చిండ్రు. చిక్కుళ్ళు మస్తు కాసినయ్.”

సార్ ముఖంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి, రిపోర్టు గుర్తొచ్చి ఆగిపోయింది. ఆఫీసుకు రావాలమ్మా, చెప్పింది రాసుకోవాలి, ఆ తర్వాత సంగతి నా చేతుల్లో లేదు, పైవాళ్ళది అన్నాడు. ముత్తక్క సరే అంది. కొంగు దులుపుకుని, తెచ్చుకున్న నీళ్ళ సీసా చేతికి తీసుకుంది. ఏరిన పువ్వు ఉన్న గంప కూతురి ముందుకు తోసింది. రాంబాబు ముందుకు వచ్చి, అత్తా, అని ఆగిపోయాడు. ముత్తక్క అతని కాలిన చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. ఎంత దాకా కాలిందో వేలితో కొలిచింది, మోచేయి దాకా. వదిలి, ప్రమీలతో మాత్రం, “పొద్దెక్కితే పువ్వు మాడుతది, జల్దీ ఏరు. నా ఎనక పడి రాకు. పిల్లను ఎండల తిప్పకు,” అంది. సార్ బండి మీద ఎట్లా కూర్చోవాలో తెలియక మొదట రెండు కాళ్ళూ ఒకవైపు పెట్టి, పడబోయి, తిట్టుకుంటూ అటొకటి ఇటొకటి వేసుకుంది. రాంబాబు బండి వెనక నడిచి వెళ్ళాడు. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూశాడు. ఆ చూపులో ప్రశ్న లేదు. ఇంటికి వచ్చాక ఉంటుందేమో, ఉంటే ఉండనీ, ఇప్పుడు తన దగ్గర జవాబు ఉంది.

ప్రమీల టేకాకు అంతా ఎత్తి వాగులో పారేసింది. తన రెండో చీర, ఊయల కట్టినది, విప్పి చెట్టు కింద పరిచింది, పిల్లను దాని అంచున కూర్చోబెట్టింది. పువ్వు చీర మీద పడుతోంది. నేల తాకాలి అంటే తాకుతుందిలే, చీర కింద నేలే కదా. ఏరుతోంది. ఏరుతూ దారి వైపు చూస్తోంది, మళ్ళీ ఏరుతోంది. పొద్దు కొమ్మల్లోకి వచ్చింది. పిల్లను ఎండలో తిప్పవద్దన్న మాట దాటి ఆమె వెళ్ళలేదు, పువ్వును వదిలి వెళ్ళలేదు, అక్కడ తల్లి ఎట్లా ఉందో తెలియక కుదురుగా కూర్చోనూలేకపోతోంది.

మీరెవరైనా ఇవాళ పినపాక రోడ్డు మీదుగా పోతుంటే, ఫారెస్టోళ్ళ ఆఫీసు కనబడితే, ఒక్క నిమిషం బండి ఆపండి. వరండాలో, బల్ల ఖాళీగా ఉన్నా నేల మీదే, పాదానికి గుడ్డ చుట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉంటుంది. పేరు ముత్తక్క. నీళ్ళు తాగినవా అవ్వా అని అడగండి. తాగిన అంటుంది. ఆ మాట నమ్మకండి. పక్కన ఒక సీసా ఉంటుంది, ఎత్తి చూడండి, నింపింది నింపినట్టే ఉంటుంది.